తల్లులను అడిగిన వైద్యురాలు

1895లో రాంట్‌జన్ ఎక్స్-కిరణాలను కనుగొన్న కొద్ది నెలలకే అవి వైద్యుల చేతికి వచ్చాయి. వాటితో నిత్యం పనిచేసినవారికి చర్మం కాలడం, చేతులు పుండ్లు పడటం త్వరలోనే కనిపించింది. ఎడిసన్ సహాయకుడు క్లారెన్స్ డాలీ అటువంటి గాయాల నుంచి పుట్టిన క్యాన్సర్‌తో 1904లో మరణించారు. ఆ తరువాత క్రమంగా రక్షణ నియమాలు ఏర్పడ్డాయి. అయితే, పైకి గాయం చేయనంత స్వల్ప మోతాదు నిరపాయకరమన్న నమ్మకం మాత్రం చాలాకాలం నిలిచింది.

ఆ నమ్మకంతోనే 1950ల నాటి బ్రిటన్‌లో గర్భిణులకు పొత్తికడుపు ఎక్స్-రే తీసేవారు. శిశువు ఎటు తిరిగి ఉంది, కవలలా, తల్లి కటి కాన్పుకు సరిపోతుందా అన్నవి దానివల్ల తెలిసేవి.

అదే కాలంలో పిల్లల్లో ల్యుకేమియా మరణాలు పెరుగుతుండటంతో, ఆక్స్‌ఫర్డ్‌లోని డాక్టర్ ఆలిస్ స్టువర్ట్ కారణం వెదకడానికి పూనుకున్నారు. ఆమెకు దొరికిన నిధి వెయ్యి పౌండ్లు. అది ఇచ్చినది లేడీ టాటా స్మారక సంస్థ. 1931లో ల్యుకేమియాతో మరణించిన భార్య మెహర్‌బాయి జ్ఞాపకార్థం దొరాబ్జీ టాటా నెలకొల్పిన సంస్థ అది.

వైద్యులు మరచిన విషయాలు తల్లులకు గుర్తుండవచ్చునని స్టువర్ట్ భావించారు. క్యాన్సర్‌తో మరణించిన పిల్లల తల్లులను, ఆరోగ్యంగా ఉన్న పిల్లల తల్లులను ఒకే ప్రశ్నావళితో అడిగించారు. తొలి ఫలితాలు 1956లో లాన్సెట్ పత్రికలోనూ, పూర్తి నివేదిక 1958లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లోనూ వెలువడ్డాయి. గర్భంలో ఉండగా ఎక్స్-రేకు గురైన పిల్లల్లో క్యాన్సర్ మరణాల ముప్పు దాదాపు రెట్టింపుగా తేలింది.

వైద్యలోకం ఒప్పుకోలేదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి గతాన్ని ఎక్కువగా తవ్వుకుంటుందనీ, ఆమె జ్ఞాపకం సాక్ష్యం కాదనీ ఆక్షేపించారు. 1960లో రిచర్డ్ డాల్ తదితరుల పరిశీలనలో ల్యుకేమియా పెరుగుదల కనబడలేదు. కానీ 1962లో అమెరికాలో బ్రయన్ మెక్‌మాన్ తల్లుల జ్ఞాపకాలపై ఆధారపడకుండా, ఏడు లక్షలకు పైగా శిశువుల ఆసుపత్రి రికార్డులతో లెక్కలు కట్టగా, ఎక్స్-రేకు గురైనవారిలో క్యాన్సర్ మరణాలు సుమారు 40 శాతం ఎక్కువని తేలింది. అయినా పాత అలవాటు మారడానికి ఏళ్లు పట్టింది. క్రమంగా అల్ట్రాసౌండ్ ఆ స్థానంలోకి వచ్చింది.

పిల్లల్లో క్యాన్సర్ అరుదు గనుక, ముప్పు రెట్టింపైనా ఒక్కొక్క బిడ్డకు అది చిన్నదే. అయితే అవసరం లేకుండా వేలమందికి తీసినప్పుడు ఆ చిన్న ముప్పే కొన్ని ఇళ్లలో దుఃఖమవుతుంది.

ఈ చరిత్ర నేటి సీటీ స్కాన్లకూ వర్తిస్తుంది. ప్రకృతి నుంచి మనకు ఏటా అందే రేడియేషన్ ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్టులు. ఒక ఛాతీ ఎక్స్-రేతో అందేది సుమారు 0.1 లేదా అంతకంటే తక్కువ. పొత్తికడుపు సీటీతో సుమారు 8 నుంచి 10. తలకు తీవ్రమైన దెబ్బ తగిలినప్పుడు సీటీ ప్రాణం నిలుపుతుంది. భయంతో దానిని మానరాదు. కానీ మొన్న తీసిన స్కాన్ ఉండగానే మళ్లీ తీయమన్నప్పుడు కారణం అడగండి. పాత ఫిల్ములు, రిపోర్టులు వెంట తీసుకెళ్లండి. అల్ట్రాసౌండ్‌తో గాని, ఎమ్మారైతో గాని పని జరుగుతుందేమో తెలుసుకోండి. వాటిలో ఈ రకం రేడియేషన్ ఉండదు. గర్భం ఉన్నదన్న అనుమానం ఉంటే పరీక్షకు ముందే చెప్పండి. మీ ప్రశ్నకు జవాబు చెప్పడం వైద్యుని విధుల్లో ఒకటి.