పెరటి కాయలును వరుగులును

ఈ సాయంకాలము రాజ్యములను గూర్చిగాని యుద్ధములను గూర్చిగాని చెప్పుటకు రాలేదు. మా పెరటిలో మిగిలిపోయిన కాయలను గూర్చి చెప్పవలెనని వచ్చితిని. చెప్పుకొనుచు పోగా రాజులును యుద్ధములును తామే వచ్చునేమో.

మా యిల్లు విశాఖపట్టణమున గాజువాకకు సమీపమున నున్నది. ఇంటిలో నేనును నా భార్యయును తప్ప మూడవవారు లేరు. పెరటిలో నొక దొండపందిరి, రెండు ఆనపపాదులు, ఒక గుమ్మడితీగె, నాలుగు వరుసల బెండమొక్కలు గలవు. ఇద్దరు ముసలివారు తినగలిగినది యెంత? గత సంవత్సరము వర్షములు వెనుకపట్టినతోడనే కాపు విరగబడినది. మొదటివారమున ఆనపకాయ చేతబట్టుకొని పొరుగింటికి పోగా వారు సంతోషించిరి. రెండవవారమున మొగమాటమునకు పుచ్చుకొనిరి. మూడవవారమున నన్ను వీధిలో చూచి తలుపు దగ్గరగా వేసికొనిరి. రైతుబజారున నమ్మవచ్చును గదాయని యొక మిత్రుడు సలహా చెప్పెను. 1999వ సంవత్సరమున ఆంధ్రదేశమున నారంభమైన ఆ బజారులు గుర్తింపు పత్రముగల రైతుల కొరకు పెట్టినవి. మా రెండు కిలోల దొండకాయలకు అచట చోటెక్కడిది?

నా భార్య యిట్లనెను: “ఇంక పంచింది చాలునండీ. వరుగు పెడదాము. ఈ మోకాళ్లతో నేను మేడ యెక్కలేను, మీరే పెట్టాలి.”

ముప్పదియైదేండ్లు బడిలో తెలుగు చెప్పినవాడను. వరుగు అను శబ్దమునకు అర్థము చెప్పగలను, అది వచ్చు పద్యమునకు తాత్పర్యము చెప్పగలను. వరుగు పెట్టుట మాత్రము నాకు తెలియదు. జీవితమంతయు తినినవాడనేగాని యెట్లు చేసితివని అడిగినవాడను కాను. ఈ సిగ్గుచేతనే వరుగుల చరిత్ర కొంత వెదకితిని.

మా సింహాచలమునకు శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో 1516వ సంవత్సరమున వచ్చి స్వామిని సేవించి, ఆభరణములు సమర్పించి, శాసనము వేయించెను. ఆ రాయలు రచించిన ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు ఋతువు ననుసరించి భోజనము పెట్టు ఘట్టమొకటి గలదు. వానకాలపు విస్తరిలో వరియన్నము, పొట్టు తీసిన పప్పు, నాలుగైదు కూరలు, పెరుగు, నేయి వీనితోబాటు వడియములును వరుగులును వడ్డింపబడినవి. కట్టెలు తడిసి యుండును గావున ఎండిన కొబ్బరిచిప్పలతో వంట సాగినది. లక్షల దండు నడపిన రాజునకు ముసురులో పొయ్యి రాజదనియు, ఆ దినములలో ఆకుకూర దొరకదనియు, ఎండకాలమున దాచినదే అప్పుడు ఆదుకొనుననియు నెట్లు తెలిసినదో! వంటయింటి గడప తొక్కని కవి యిట్టి మాట వ్రాయలేడని నా యభిప్రాయము.

ఆ కావ్యముననే చలికాలపు భోజనములో కారమునకు మిరియపు పొడి చెప్పబడినదిగాని మిరపకాయ చెప్పబడలేదు. మిరపకాయ అమెరికాఖండమున పుట్టినది. పోర్చుగీసువారు 1498వ సంవత్సరమున సముద్రమార్గమున మన దేశమునకు వచ్చిన తరువాత వారి యోడల వెంట నిచటికి చేరినది. మనవారు దానికి మిరియమును తలపించు పేరు పెట్టి సొంతము చేసికొనిరి. మజ్జిగలో నానవైచి యెండబెట్టిన ఊరుమిరపకాయ లేనిదే నేడు మనకు పెరుగన్నము దిగదు; రాయలవారు దాని నెరుగరు! రామములగయు (ఇప్పటి పిల్లలు టమాటా యందురు), బంగాళాదుంపయు, సింహాచలపు కొండవాలున పండు అనాసయు నిట్లే సముద్రము దాటి వచ్చినవి. కాయలు క్రొత్తవియైనను వానిని దాచు విద్య పాతదే.

ఆ విద్య యేమి? కుళ్లు పుట్టించు సూక్ష్మజీవులకు నీరు కావలెను. ఎండ నీటిని తీసివేయును. ఉప్పు మిగిలిన నీటిని పట్టియుంచును. మజ్జిగలోని పులుపు ఆ జీవులను అడ్డగించును. మా తీరమున జాలరులు చేపల నుప్పులో నూరవేసి యిసుకపై నెండబెట్టుటయు నిదే శాస్త్రము. నేను చేపలు తినువాడను కాను. కాని శాస్త్రము శాస్త్రమే. ఫ్రాన్సు దేశమున నికొలా అప్పెర్ అనువాడు సైన్యము కొరకు ఆహారమును గాజుసీసాలలో మూసి వేడినీట కాచి నిలువచేయు పద్ధతి కనిపెట్టి 1810వ సంవత్సరమున ప్రకటించి ప్రభుత్వముచేత బహుమానము పొందెను. మన అవ్వలకు బహుమానమిచ్చినవారు లేరు.

ఎండ ఊరకే దొరకును. ఉప్పట్లు కాదు. చెన్నపట్టణపు కంపెనీ ప్రభుత్వము 1805వ సంవత్సరమున ఉప్పును తన గుత్తాధికారము క్రిందికి తెచ్చుకొనెను. సముద్రము ముంగిటనుండగా, శ్రీకాకుళము జిల్లా నౌపడలో కుప్పలుగా పండుచుండగా, మనవారు సుంకము చెల్లించి యుప్పు కొనవలసివచ్చెను. 1923వ సంవత్సరమున ఆ సుంకము రెట్టింపైనది. ఊరగాయకైనను వరుగుకైనను గుప్పెడుప్పు కావలెను. పెరటిలో కాయ మిగిలినను ఉప్పు చాలనిచో ఆ కాయ కుళ్లవలసినదే. పేదయిల్లాలి కుండమీద పడిన పన్నది. గాంధీమహాత్ముడు 1930 ఏప్రిల్ 6వ తేదీన దండిలో ఉప్పు తీసి ఆ శాసనమును ధిక్కరించెను.

సరిగా పండ్రెండేండ్లకు, 1942 ఏప్రిల్ 6వ తేదీననే, జపానువారి విమానములు మా విశాఖపట్టణముపై బాంబులు వేసినవి. జనులు పిల్లాపాపలతో పల్లెలకు పరుగిడిరి. మా అమ్మమ్మ అప్పుడు చిన్నపిల్ల తల్లి. ఒక చంకలో మా అమ్మను, ఇంకొక చంకలో వడియముల డబ్బాను పెట్టుకొని బయలుదేరినదట. నగలేమైనవని యెవరో యడుగగా “నగలు నానబెడితే ఉడుకుతాయా?” అనినదట. ఆ సంవత్సరముననే రంగూను శత్రువుల వశమగుటచేత బర్మాబియ్యము రాక నిలిచిపోయినది. ప్రభుత్వమువారు అధికాహారోత్పత్తి యుద్యమము ప్రారంభించి, ఖాళీస్థలమెల్ల సాగుచేయుడని చాటించిరి. ఇంగ్లండులోను అట్లే పూలతోటలు త్రవ్వి కాయగూరలు వేసిరి. పండించుమని చెప్పు ప్రభుత్వములు మిగిలిన దానినేమి చేయవలెనో అంత గట్టిగా చెప్పవు. ఆ భారము ఆడువారిదే.

రేవు 1933వ సంవత్సరమున తెరువబడిన పిమ్మట పట్టణము పెరిగినది. ఉక్కు కర్మాగారము కొరకు 1966లో ఆంధ్రులు ప్రాణములొడ్డి యుద్యమించిరి. 1971 జనవరి 20వ తేదీన ఇందిరాగాంధీగారు శంకుస్థాపన చేసిరి. 1992లో అది జాతికి అంకితమైనది. దానికై భూములిచ్చిన పల్లెలు మా చుట్టుప్రక్కలవే. ఉద్యోగమునకై యెదురుచూచుచు తలలు నెరసిన నిర్వాసితులను నే నెరుగుదును. నా శిష్యుని తల్లి యొకామె యొకనాడు సంతలో నాతో ననినది: “అప్పుడు కాయ మిగిల్తే గొడ్డుకేసేసీవోలం మేష్టారూ. ఇప్పుడు పావుకేజీ కొనుక్కుంతన్నాం.” నా చేతిసంచిలో నాడు నాలుగు ఆనపకాయలున్నవి. రెండామె చేత పెట్టితిని. తలుపు వేసికొనని యిల్లు నాకప్పుడు దొరకినది.

2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను మా పట్టణమును తాకినది. చెట్లు కూలినవి, స్తంభములు వంగినవి, అనేకదినములు దీపము లేదు. శీతలయంత్రములోని కూరలన్నియు మూడవనాటికి పాడైనవి. అంగడిలో కాయగూర ధర మండిపోయినది. అప్పుడు నా భార్య అటకమీది జాడీ దింపి, గోరుచిక్కుడు వరుగు నానబెట్టి పులుసు కాచినది. గుమ్మడి వడియములు వేయించినది. వీధిలో మూడిండ్లవారు మా వాకిట కూర్చుండి తినిరి. వారిలో నేడు నన్ను చూచి తలుపు వేసికొనువారును గలరు. వారిని తప్పుపట్టను, ఆనపకాయ అతిగా వచ్చినచో నేనును వేసికొందును.

ఇక నా విద్యాభ్యాసము. వంకాయను చక్రములుగా తరిగి, ఉప్పు కలిపిన మజ్జిగలో నొకరాత్రి యుంచి, మరునాడు చాపపై పరచి యెండబెట్టవలె. సాయంకాలము మంచుకు ముందే లోపలికి తేవలె. ముక్క విరిచిన ఫళ్లుమనవలె. వంగినచో తడి మిగిలినదని యర్థము. బూజు పట్టినదానిని దులిపి తినరాదు, పారవేయవలె. “ఉప్పెంత?” అని యడిగితిని. “సరిపడా” అనెను. సరిపడా యన్న నెంత? ఆమె పిడికిలి చూపెను. ఆమె పిడికిలి చిన్నది, నాది పెద్దది; మొదటి చాపెడు వరుగు నోట పెట్టుకొనలేనంత ఉప్పైనది. అప్పుడామె పిడికిటి యుప్పును త్రాసులో తూచి, పుస్తకమున వ్రాసికొంటిని. ఆమె నవ్వినది, పదియేండ్ల క్రిందట మా అమ్మ పిడికిలి నెవరును తూచలేదు, ఆమె చేతి మాగాయ రుచి యామెతోనే పోయినది.

గుమ్మడికాయలు మాత్రము తొందరలేనివి. తొడిమతో కోసి, దెబ్బ తగులకుండ అటకపై నుంచిన నెలల తరబడి నిలుచును. సంక్రాంతికి గుమ్మడికాయ దానము చెప్పిన పెద్దలు ఆ నెలలో ప్రతి పెరటను ఏ కాయ మిగులునో బాగుగా నెరిగినవారే. పండుగకు నాలుగు దానమిచ్చి, ఒకటి కలగాయకూరలో వేసితిమి. రెండింకను అటకపై నున్నవి. మాఘమున ఎండ కొంచెము ముదరగానే మినపపిండి రుబ్బించి వడియములు పెట్టవలె. శిష్యుని తల్లి వచ్చి చేయి కలుపుదునని చెప్పినది. సగము ఆమె యింటికి పోవును.