పెరట్లోకి వచ్చిన అడవికోడి

థాయ్‌లాండ్ మధ్య భాగంలో బాన్ నాన్ వాట్ అనే పాతకాలపు ఊరి దిబ్బ ఉంది. అక్కడ తవ్వితే మనుషుల సమాధుల్లో కోడి ఎముకలు బయటపడ్డాయి. క్రీస్తుపూర్వం 1650–1250 మధ్యకాలానివి. పెంపుడు కోడివని గట్టిగా చెప్పగలిగిన ఎముకల్లో ఇవే అన్నిటికన్నా పాతవని 2022లో వెలువడిన పరిశోధన తేల్చింది. అంతకుముందు ఎనిమిది వేల ఏళ్లనీ పదివేల ఏళ్లనీ వేసుకున్న లెక్కలు దాంతో చాలావరకు వీగిపోయాయి.

కోడిని అడవి నుంచి లాగింది గింజ. అడవి అంచున చెట్లు కొట్టి మెట్ట వరి, చిరుధాన్యాలు చల్లిన చోట ఎర్ర అడవికోడి దిగింది. రాలిన గింజలకు మరిగింది, పురుగునూ ఏరుకుంది, రాత్రికి దగ్గర్లోనే చెట్టెక్కింది. ఎవరూ వల పన్ని తేలేదు. 863 కోళ్ల జన్యువులను పోల్చి చూసిన 2020 నాటి అధ్యయనం కూడా నైరుతి చైనా, ఉత్తర థాయ్‌లాండ్, మయన్మార్ ప్రాంతపు ఎర్ర అడవికోడి దగ్గరికే దారి చూపింది.

అయితే ఈ వంశంలో మన దక్షిణాది వాటా ఒకటుంది. మన కొండల్లో తిరిగే బూడిదరంగు అడవికోడి వేరే జాతి, భారతదేశం దాటి ఎక్కడా కనిపించదు. పెంపుడు కోళ్ల కాళ్లకూ చర్మానికీ పసుపు రంగునిచ్చే జన్యువు దీని నుంచే వచ్చిందని 2008లో స్వీడన్ శాస్త్రవేత్తలు చూపించారు. అమెరికా కోళ్లఫారంలోని పచ్చకాళ్ల కోడిలోనూ ఉన్నది మన అడవి చుక్కే.

మొదట్లో కోడిని తినడానికి పెంచలేదంటే నాటుకోడి పులుసు ప్రియులకు కష్టంగా ఉంటుంది. కానీ ఆధారాలు అలాగే ఉన్నాయి. బ్రిటన్‌లో జనం కోడిని తినడం తప్పనుకుంటారని, సరదాకే పెంచుతారని జూలియస్ సీజర్ రాసిపెట్టాడు. తూర్పు ఆసియా బయట పెద్దఎత్తున కోసుకు తిన్న తొలి ఆనవాళ్లు ఇజ్రాయెల్‌లోని మరేషాలో, క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దం తర్వాతివి దొరికాయి. మన దగ్గర కోడి సుబ్రహ్మణ్యస్వామి జెండా ఎక్కింది, పల్నాటి కథలో రాజ్యాలను పందెంలో పెట్టించింది. కాకి, డేగ, నెమలి అంటూ ఈకల రంగును బట్టి పుంజుకు పేరు పెట్టి, ఏ రోజున ఏది గెలుస్తుందో చెప్పే కుక్కుట శాస్త్రం కూడా పుట్టింది. ఆ శాస్త్రాన్ని నమ్మి పొలాలు పోగొట్టుకున్నవాళ్ల సంగతి గోదావరి జిల్లాల్లో అడగక్కర్లేదు.

పందెం బరి సంగతి అలా ఉంచితే, పెరట్లో పుంజు చేసే పని చాలామంది గమనించరు. గుడ్డుకు పుంజు అక్కర్లేదు, అది లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది. పిల్ల కావాలంటేనే పుంజు ఉండాలి. ఒకసారి కలిశాక సుమారు రెండు వారాల పాటు పెట్ట పిల్లలయ్యే గుడ్లు పెట్టగలదు. అంతకన్నా పెద్ద పని కాపలా. ఆకాశంలో గద్ద కనబడితే పుంజు ఒకలా అరుస్తుంది, నేలమీద కుక్కో పిల్లో వస్తే ఇంకోలా. మొదటిదానికి పెట్టలు పొదల్లోకి నక్కుతాయి, రెండోదానికి మెడలెత్తి చుట్టూ చూస్తాయి. పురుగు దొరికితే తాను తినకుండా కుక్కుక్కుమని పెట్టల్ని పిలుస్తుంది. ఏమీ దొరక్కుండానే పిలిచే టక్కరి పుంజులూ ఉన్నాయని పరిశోధకులు పట్టుకున్నారు!

కూతకూ లెక్కుంది. తెల్లవారుతుందని పుంజుకు వెలుగు చూడకుండానే తెలుసని, దాని ఒంట్లోనే గడియారం ఉందని జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో నిరూపించారు. నాలుగు పుంజులుంటే ముందు కూసేది గుంపులో పెద్దదే, మిగిలినవి వరసలో దాని వెనక. పెరట్లో అయితే ఎనిమిది పది పెట్టలకు ఒక్క పుంజు చాలు. రెండోది ఎదిగిందంటే పెట్టల వీపున ఈకలు మిగలవు, పుంజుల తలలు రక్తాలోడతాయి. మన ఇళ్లలో ఆ రెండోది పండక్కో చుట్టం రాకకో కూరవుతుంది.

నాటుపెట్ట పది పదిహేను గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది, ఇరవై ఒక్క రోజులకు పిల్లలు. ఏడాది మొత్తానికి యాభై అరవై గుడ్లు. ఫారంలో తెల్ల లెగ్‌హార్న్ మూడు వందలు పెడుతుంది కానీ పొదుగు మరిచిపోయింది. 1971లో బి.వి.రావు వెంకటేశ్వర హేచరీస్ పెట్టాక మన దేశంలో బోనుకోడి గుడ్డు ఊరూరికీ చేరింది. చవకైన గుడ్డు పేదింటి పళ్లెంలోకి వచ్చిందన్నది నిజం, దాన్ని కాదనలేం. పెరటికోసమని హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ రకాలు తయారుచేసింది. అవీ పొదగవు. చివరికి వాటి గుడ్లను నాటుపెట్ట కిందే పెట్టాల్సి వస్తోంది.

అడవి నుంచి వచ్చిన ఈ పక్షి తిండి తాను వెతుక్కుంటుంది. సాయంత్రం గుప్పెడు నూకలో తవుడో చల్లితే గూటికి తనే వస్తుంది. మనం చేయాల్సింది చీకటి పడగానే గూటి తలుపు బిగించడం, ముంగిసకూ జంగుపిల్లికీ సందు లేకుండా చూడడం. ఇక అడవి నేర్పనిది ఒకటే, కొక్కెర తెగులు. 1926లో జావాలో, ఇంగ్లండ్‌లో బయటపడి, మరుసటి ఏడాది మన రాణీఖేత్‌లో కనిపించిన ఈ జబ్బు రెండు మూడు రోజుల్లో పెరడంతా ఖాళీ చేస్తుంది. మందు లేదు, టీకా ఉంది: పిల్లకు మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో చుక్క, ఎనిమిదో వారంలో సూది. చిక్కల్లా ఏమిటంటే ఒక్క సీసా వంద కోళ్లకో అంతకన్నా ఎక్కువకో సరిపోతుంది, కలిపాక కొద్ది గంటల్లో వాడేయాలి. పది కోళ్లున్న ఒక్క ఇంటికోసం దాన్ని తెరవరు. కాబట్టి వీధిలో కోళ్లున్న ఇళ్లన్నీ కూడబలుక్కుని, వేసవికి ముందే ఒకే రోజున పశువైద్యశాలకు కబురు పెట్టండి.