ప్రణాళికకు గడువు ఎవరు పెడతారు?

చార్మినార్ వైపు నుంచి నయాపూల్ దాటి అఫ్జల్‌గంజ్‌కు వచ్చినప్పుడల్లా నేను ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు దగ్గర కాసేపు ఆగుతాను. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు సుమారు 150 మంది ఆ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. దక్కించుకోలేనివాళ్ళు పదిహేను వేలమంది అని సాధారణంగా చెప్పే లెక్క. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తన తల్లినీ, భార్యనూ, కూతురినీ ఆ వరదలోనే పోగొట్టుకున్నాడు.

హైదరాబాదుకు ఆధునికమైన నగర ప్రణాళిక ఒకటి వుండాలన్న ఆలోచన ఈ శవాల మీద నుంచి పుట్టింది. ఈ సంగతి మరచిపోతే తర్వాత జరిగిన చరిత్ర ఏదీ మనకు అర్థం కాదు.

ప్రణాళిక అనగానే మనకు రంగులు వేసిన పటం గుర్తుకొస్తుంది. కాని పటం కంటే ముఖ్యమైనది గడువుల పట్టిక. ఏ పని ముందు, ఏది తర్వాత, ఎవరు ఆగాలి, ఎవరు ఆగనక్కరలేదు అన్న వరసలోనే ఆ ప్రణాళిక ఎవరి పక్షాన వుందో తెలుస్తుంది.

1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి వరదకు కారణం వెదికినప్పుడు ఆయన దృష్టి నగరం మీదనే ఆగిపోలేదు. ఎగువన మూసీ పరీవాహక ప్రాంతంలో వందలాది చెరువులుండేవి. వాటిలో రెండు వందలకు పైగా తెగి, ఒకదాని నీరు ఇంకొకదాని కట్టను కొట్టుకుంటూ నగరం మీదికి వచ్చాయి. అంటే పాతబస్తీ గోడ కూలడానికి కారణం పాతబస్తీలో లేదు. ఎగువ భూమి మీద వుంది. నగరాన్ని కాపాడాలంటే నగరం బయటి భూమిని కాపాడాలన్నది ఆ నివేదికలోని సారాంశం. ఆ ప్రకారమే మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920 నాటికీ, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927 నాటికీ పూర్తయ్యాయి. ఈ లోగా 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. ఉర్దూలో దాని పేరు ఆరాయిష్-ఎ-బల్దా, అంటే నగరానికి అలంకారం. పత్థర్‌గట్టీలో రాతి కమానుల దుకాణాలు లేచాయి. ఇరుకు బస్తీలు కొన్ని నేలమట్టమయ్యాయి. అలంకారం అనే మాటలోనే పాలకుల దృష్టి దాగివుంది. అయినా న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి: ఆ ప్రభుత్వం, ఫ్యూడల్ ప్రభుత్వమే అయినా, పందొమ్మిదేళ్ళ పని తలకెత్తుకొని పూర్తి చేసింది. నీటికి గడువు ఉంటుందని దానికి భయం కలిగింది.

ఆ భయం తర్వాతి వాళ్ళకు ఎంతకాలం నిలిచింది?

1975లో పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం వచ్చింది. దాని కింద హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ, అంటే హుడా, పుట్టింది. 1981లో పాతబస్తీ కోసం వేరుగా కులీ కుతుబ్‌షా పేరుతో మరొక సంస్థ పెట్టారు. పెరిగే నగరానికి ఒక కార్యాలయం, మిగిలిపోయిన నగరానికి మరొకటి! ముసాయిదా ప్రచురించి ప్రజల అభ్యంతరాలు పిలవాలని చట్టంలో వుంది. మంచిదే. కాని లాడ్‌బజారులో పొద్దంతా కొలిమి ముందు కూర్చుని లక్కగాజులు చేసే మనిషి ప్రభుత్వ గెజిట్ ఎక్కడ చదువుతాడు? ఏ దారి ఎటు పోతుందో ముందుగా తెలిసినవాడు భూమి కొంటాడు. తెలియనివాడికి ప్రణాళిక నోటీసు రూపంలో తెలుస్తుంది.

1996 మార్చిలో 111వ జీవో వచ్చింది. జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాలలో నిర్మాణాలకు అది హద్దులు పెట్టింది. విశ్వేశ్వరయ్య చెప్పిన పాఠాన్ని ప్రభుత్వం కాగితం మీద ఒప్పుకున్నది అప్పుడే. 2013లో 2031 వరకు చూపు సారించిన మహానగర ప్రణాళిక వచ్చింది. 2022 ఏప్రిల్‌లో 69వ జీవో పాత ఆంక్షలను సడలించింది. నగరం తాగే నీటిలో ఈ జలాశయాల వాటా ఇప్పుడు బహు స్వల్పం అన్నది అప్పుడు చెప్పిన కారణం. ఆ లెక్క తప్పని నేను అనను. కాని ఆ ఆనకట్టలు కట్టింది తాగునీటికి మాత్రమే కాదు, వరదను ఆపడానికి. చరిత్ర చదవని చేయి జీవో రాస్తే సగం కారణం ఇట్లా జారిపోతుంది. ఆంక్షల వల్ల తమ పొలానికి ధర రాలేదన్న ఆ గ్రామాల చిన్న రైతు బాధ నిజమైనదే. నగరం క్షేమం కోసం అతడు పాతికేళ్ళు ఆగితే, ఆ ఆగినందుకు నగరం అతనికి ఏమి చెల్లించింది అన్న ప్రశ్న ఏ పట్టికలోనూ లేదు.

2020 అక్టోబరు వానలకు పాతబస్తీ దక్షిణాన చెరువులు పొంగి, కట్టలు తెగి, కాలనీలు మునిగాయి. 2024 సెప్టెంబరులో నది గర్భంలోని ఇళ్ళ గోడల మీద, చాదర్‌ఘాట్ ప్రాంతంలో, ఎర్ర రంగుతో గుర్తులు పడ్డాయి. 2025 సెప్టెంబరు చివర్లో జలాశయాల గేట్లు ఎత్తితే నీరు మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి వచ్చింది. నది దారిలో ఇళ్ళుండకూడదు, నిజమే. కాని ఎగువ భూమి విషయంలో ఇరవయ్యారేళ్ళు ఆలోచించి సడలింపు ఇచ్చిన వ్యవస్థ, దిగువ గుడిసె విషయంలో రోజుల మీద నిర్ణయం తీసుకున్నది. ఒకే నది, ఒకే ప్రభుత్వ యంత్రాంగం. గడువులు మాత్రం రెండు రకాలు.

రచయితలకు ఈ గొడవ ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. పాతబస్తీ గురించి మనం రాసినప్పుడు అత్తరు, గజళ్ళు, మినార్లు రాస్తున్నాం. వరద వస్తే కన్నీరు రాస్తున్నాం. కన్నీటికీ జీవోకూ మధ్య వున్న సంబంధం రాయడం లేదు. మన సాహిత్య విద్యార్థులు ఒక్కసారి ఆ తేదీలను వరుసగా రాసుకొని, ప్రతి తేదీ పక్కన ఎవరు లాభపడ్డారో, ఎవరు ఇల్లు ఖాళీ చేశారో రాసి చూడాలి. ఆ రెండో వరుస నింపడానికి గెజిట్ పనికిరాదు. ఎర్ర గుర్తు పడిన గోడ అవతల కూర్చున్న మనిషిని వెళ్ళి అడగవలసిందే. ఆ పని మనది.