చేపు – నెలలు నిండని బిడ్డల కథ

నెలలు నిండని బిడ్డలను బ్రతికించిన ఘనతను చరిత్ర తరచు యంత్రానికే కట్టబెడుతుంది. ఆ చరిత్ర చదివినకొద్దీ, యంత్రం చెంత తల్లికి చోటు దక్కిందా లేదా అన్నదే అసలు ప్రశ్న అని నాకు తోచింది.

1880 ప్రాంతంలో పారిస్ ప్రసూతి ఆసుపత్రి వైద్యుడు స్తెఫాన్ తార్నియే, కోడిగ్రుడ్లు పొదిగే పెట్టెను చూచి శిశువులకు వెచ్చని పెట్టె చేయించాడు. బిడ్డలు బ్రతికారు. తమ చేతులతో సాకని బిడ్డలపై కొందరు తల్లులకు మమకారం సన్నగిల్లుతోందని గమనించినవాడు ఆయన శిష్యుడు పియేర్ బ్యూదాన్. తల్లి బిడ్డ వద్దకు రావాలి, పాలివ్వాలి అన్నది ఆయన పట్టుదల. ఆ మాట నిలువలేదు. అమెరికాలో మార్టిన్ కూనీ 1903 నుండి 1943 వరకు కోనీ ఐలెండులో ఈ పెట్టెలను టిక్కెట్టు పెట్టి చూపించాడు. ఆ పైకంతోనే బిడ్డలను సాకాడు, పాలిచ్చింది మాత్రం దాదులు. పిమ్మట ఆసుపత్రులు అంటువ్యాధుల భయంతో తల్లులను గాజు అద్దాల వెలుపలే నిలబెట్టాయి.

ఈ ఎడబాటు వలన నష్టమేమి? చప్పరించడం, మ్రింగడం, ఊపిరి తీయడం – ఈ మూడింటి పొందిక సుమారు 34 వారాలకు గాని బిడ్డకు కుదరదు. అంతకుముందు పాలు త్రాగుతూ త్రాగుతూనే ఊపిరి ఆగవచ్చు, గుండె వేగం మందగించవచ్చు. రొమ్ము కంటె సీసాయే బిడ్డకు తేలిక అని వైద్యులు చాలాకాలం నమ్మారు. 1988లో పౌలా మేయర్ అనే నర్సింగ్ పరిశోధకురాలు కొలిచి చూస్తే, ప్రాణవాయువు ఎక్కువగా తగ్గింది సీసా త్రాగేటప్పుడే. రొమ్మున బిడ్డ కాస్త చప్పరించి, ఆగి, ఊపిరి తీసుకొని, మరల మొదలుపెడుతుంది.

తల్లి దేహమూ ఊరకుండదు. బిడ్డ తాకిడికి ఆక్సిటోసిన్ విడుదలై పాలు దిగుతాయి. దానిని మనం చేపు అంటాము. దూడను విడువనిదే ఆవు చేపదని పల్లెలో ఎరుగనివారు లేరు.

1978లో కొలంబియా దేశపు బొగోటాలో పెట్టెలు చాలక, ఎడ్గార్ రే సనాబ్రియా బిడ్డలను తల్లి రొమ్ముల నడుమ చర్మానికి చర్మం ఆనేటట్లు నిలువుగా కట్టించాడు. కంగారూ సంరక్షణ అని దానికి పేరు. లేమిలో పుట్టిన ఉపాయమది. 2021లో మన దేశంతో సహా ఐదు దేశాల అధ్యయనం, పుట్టిన వెంటనే దీనిని మొదలుపెడితే 28 రోజులలోపు మరణాలు 15.7 శాతం నుండి 12 శాతానికి తగ్గినట్లు తేల్చింది.

తల్లిని లోనికి పిలవడానికి దాదాపు నూరేళ్ళు పట్టింది.

మీ ప్రాంతంలో చేపుకు మరొక మాట ఉన్నచో తెలుపగలరు.