ముక్కుకు కాపు

తెలుగువాడు తలకు పాగా, భుజానికి కండువా, కాళ్ళకు చెప్పులు సమకూర్చుకున్నాడు గాని ముక్కు కోసం ప్రత్యేకంగా ఏమీ చేసుకోలేదు. జైనమునుల ముఖవస్త్రిక ఉన్నది కదా అని మిత్రులు అనవచ్చు. అది తమ ఊపిరి తగిలి గాలిలోని జీవులకు హాని కలుగరాదన్న అహింసావ్రతం, ఆత్మరక్షణ కాదు. ఇప్పుడు నాసారంధ్రాలలో ఇముడ్చుకునే బుల్లి జల్లెడలు కూడ అంగళ్ళలో దొరుకుతున్నవి. ఈ ముక్కుకాపు చరిత్రను మా విశాఖపట్నం వైపు నుండి పరికిద్దామని ఈ టపా.

ఇంగిలీకం నూరే పనివారు దుమ్ము పీల్చకుండ ముఖానికి పలుచని తిత్తితోళ్ళు కట్టుకునేవారని క్రీ.శ. 1వ శతాబ్దంలోనే రోమను పండితుడు ప్లినీ వ్రాసినాడు. 1871 ప్రాంతంలో జాన్ టిండాల్ అగ్నిమాపక భటుల కోసం దూదినీ బొగ్గునూ పొరలుగా కూర్చి ముఖకవచం చేసినాడు. దూది పొగలోని రేణువులను పట్టును. బొగ్గు వాయువులను పీల్చుకొనును. ధూళి వేరు, వాయువు వేరు అన్న ఈ భేదమే మన కథకు కీలకం.

విశాఖ ఓడరేవు 1933లో ప్రారంభమైనది. తొలినాళ్ళలో మధ్యపరగణాల మాంగనీసు, తరువాత బైలదిల్లా ఇనుపరాయి, బొగ్గు ఈ రేవు మీదుగా సాగినవి. నగరమో, కొండల నడుమ గిన్నెవంటి పల్లం. నా విద్యార్థులలో కొందరి తండ్రులు కళాసీలు. వారికి చెమట తుడుచుకొనుటకు తువ్వాలే, తలమీది బరువుకు చుట్టకుదురుగా తువ్వాలే, దుమ్ము రేగితే ముక్కుకు కాపుగానూ తువ్వాలే.

ముక్కులోని వెంట్రుకలు, తడి పొర పెద్ద రేణువులను ఆపగలవు. 2.5 మైక్రానుల లోపు రేణువులలో చాలభాగం ఊపిరితిత్తుల లోతుకు చేరును. ముక్కులో పెట్టుకునే జల్లెడ ఎంత మంచిదైనా, బరువు మోసేవాడు రొప్పుచూ నోటితో గాలి పీల్చినప్పుడు దానికి పనియే లేదు.

2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది ప్రాణాలు పోయినవి. కరోనా వలన ఇంటింటా మాస్కులున్న రోజులవి! తడిగుడ్డ ముఖానికి కప్పుకొనుడని నగరపాలక సంస్థ ప్రజలకు సూచించినది. కాని స్టైరీన్ నీటిలో కరిగేది బహుస్వల్పం. ఆవిరిని పట్టవలసినది టిండాల్ నాడు వాడిన బొగ్గువంటిది, గుడ్డ కాదు.

నాకు తోచునది ఇది. టిండాల్ కవచం తెలిసి పొగలోనికి పోయి, పని ముగించుకొని బయటికి వచ్చే భటునిది. వెంకటాపురం వాసులు ఎక్కడికీ పోలేదు. తమ ఇండ్లలో నిద్రించుచున్నారు. పనికి పోయేవానికి ముక్కుకాపు ఇవ్వవలసినదే. నిద్రించేవానికి కావలసినది మాత్రం కాపు కాదు, గాలి.

దుమ్ముకు ముక్కున కట్టే గుడ్డకు మీ ప్రాంతాలలో వేరే పేరేదైన ఉంటే తెలుపగలరు. ఆ మాటను భద్రపరచుకుందాం.