ఇసుక పొరల్లోని రొయ్య చుట్టాలు

రొయ్య, పీత కుటుంబపు చిన్న ప్రాణులు పరిణామ శాస్త్రానికి ఏం చేసిపెట్టాయో చెప్పేవాళ్లంతా ఒకే వరస పాడతారు. 1864లో ఫ్రిట్జ్ ముల్లర్ బ్రెజిల్ తీరపు రొయ్యపిల్లల దశలను డార్విన్‌కు సాక్ష్యంగా నిలిపాడు. 1909లో వోల్టెరెక్, ఒకే వంశపు డాఫ్నియా అనే నీటిపురుగు పరిసరాలను బట్టి రూపం మారుస్తుందని చూపాడు. 2011లో దాని జన్యుపటం వచ్చింది. ఈ వరసలో తెలుగు నేల ఊసుండదు. ఉంటే గింటే రొయ్యల చెరువుల దగ్గర ఆగిపోతుంది. పోచంపాడ్‌లో చేపపిల్లల కుంటల్లో పెరిగే నీటిపురుగులనూ మేతగానే చూస్తాం. ఇది అరకొర చరిత్ర.

ఆ చరిత్రలో చేరాల్సిన అసలు వివాదం భూగర్భజలంలో ఉంది. బాతినెల్లాసియా అనే తెగ ప్రాణులు సుమారు మిల్లీమీటరు పొడవుంటాయి. కళ్లుండవు, రంగుండదు; దారప్పోగుల్లా ఇసుక రేణువుల సందుల్లో పాకుతుంటాయి. రొయ్యలాంటి పూర్వీకుడి ఎదుగుదల జోయియా అనే పిల్లదశలోనే ఆగిపోయి, ఆ రూపంలోనే గుడ్లు పెట్టే ప్రాణి తయారైందని 1981లో జర్మన్ శాస్త్రవేత్త ష్మింకె వాదించాడు. కాదు, ఇవి ఆదినుంచీ ఉన్న పాత లక్షణాలేనని ఎదుటి వాదన.

ఈ తెగను మన నేలలో వెదికి పట్టినవారు ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయానికి చెందిన వై. రంగారెడ్డి. 2002లో ఆయన హాబ్రోబాతినెల్లా నాగార్జునైని వర్ణించారు. అప్పటిదాకా ఆ ప్రజాతి మడగాస్కర్‌దనే అనుకున్నారు. ఈదే పిల్లదశ లేని ఈ ప్రాణి సముద్రం దాటి వచ్చిందనుకోలేం. సుమారు 8.8 కోట్ల ఏళ్ల కిందట రెండు భూభాగాలూ విడిపోకముందే దీని పూర్వీకులు ఇక్కడున్నారనడమే సబబు. 2011లో శాస్త్రవేత్త విల్సన్‌తో కలిసి ఆయన వర్ణించిన ఆంధ్రాకాయిడిస్ అనే, ఈ తెగకు చెందని మరో భూగర్భ ప్రాణికీ ఆస్ట్రేలియాలో చుట్టాలున్నారు.

మడగాస్కర్ మాట నేను నమ్ముతాను. జోయియా మాట సగమే నమ్ముతాను. బాతినెల్లాసియాకు కాళ్లు తగ్గడం ఇరుకు చోటుకు అలవాటుపడటం వల్లా కావచ్చు. గుడ్డులో పిండం ఎదిగే తీరు చూడందే తేలదు. జన్యువులు చదివితే చాలుననేవారు డాఫ్నియాను గుర్తుంచుకోవాలి: 2011లో సుమారు 31,000 జన్యువులన్నారు, 2017లో మరో వంశాన్ని చదివితే లెక్క సుమారు 18,000కు దిగింది.

ఈ ప్రాణుల్ని పట్టడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. ఏటి ఒడ్డున చెలమ తీసి, ఊరిన నీటిని సన్నని వలగుడ్డలో వడగట్టి, మిగిలిన మడ్డిని మైక్రోస్కోపు కింద పెడితే చాలు. కానీ రొయ్యల సాగు మీద ఉన్న శ్రద్ధలో పిసరంత కూడా దీనిమీద లేదు. బోధన్ వైపు మంజీర ఇసుక లారీలకెక్కి పోతూనే ఉంది. అక్కడైనా, పోచంపాడ్ దిగువ గోదావరిలోనైనా, ఇసుక రీచ్ తెరిచేముందు చెలమ నీరు వడగట్టి చూసి తీరాలి. నిజామాబాద్ కాలేజీల జంతుశాస్త్ర విద్యార్థులకు అది ఒక పూట పని.