రష్యాలో మద్యం మరణాలు: 1985 నుంచి 2018 వరకు

1985 మే నెలలో సోవియట్ నాయకుడు గోర్బచేవ్ మద్యంపై కట్టడి మొదలుపెట్టాడు. వోడ్కా ఉత్పత్తి తగ్గించి, ధర పెంచారు. మధ్యాహ్నం రెండు దాటితేగాని అమ్మకూడదన్నారు. కొనుగోలు వయసును 21 ఏళ్లు చేశారు. మోల్డోవా, క్రిమియాల్లో ద్రాక్షతోటలు నరికించారు. జనం ఇళ్లలో సమగోన్ అనే నాటుసారా కాచుకోవడం మొదలుపెట్టేసరికి అంగళ్లలో చక్కెరకు కరువొచ్చింది. అయినా ప్రాణాలు నిలిచాయి. 1984లో 62 ఏళ్ల దగ్గరున్న మగవారి సగటు ఆయుర్దాయం 1987 నాటికి 65కు చేరువైంది.

ఖజానాకు రాబడి పడిపోవడంతో ఆ కట్టడి మూడేళ్లకే సడలింది. 1992లో ధరలపై అదుపు, మద్యంపై ప్రభుత్వ గుత్తాధిపత్యం రెండూ పోయాయి. తిండి సరుకులతో పోలిస్తే వోడ్కా చవకైంది. 1994 కల్లా మగవారి ఆయుర్దాయం 58 కంటే దిగువకు జారింది. ఆడవారిది 71 దగ్గరుంది. యుద్ధమో కరువో లేని కాలంలో ఇంత పతనం అరుదు.

ఈ ఎగుడుదిగుళ్లలో పసిపిల్లలు, ముసలివారి మరణాలు పెద్దగా మారలేదు. క్యాన్సర్ మరణాలూ అంతే. మారినవన్నీ పాతిక నుంచి అరవై ఏళ్ల లోపువారివి, అందులోనూ మగవారివి: మద్యం విషమెక్కడం, ప్రమాదాలు, హత్యలు, ఆత్మహత్యలు, గుండె ఆగిపోవడం. ఆస్పత్రులు కుప్పకూలడమే కారణమైతే పసివాళ్లూ వృద్ధులూ ముందుగా బలయ్యేవారు. వైద్య వ్యవస్థ క్షీణత కన్నా సీసాదే పెద్ద దోషమని ఈ వయసుల తేడాయే పట్టిస్తుంది. తోమ్‌స్క్, బర్నావుల్, బీస్క్ నగరాల్లో 1990-2001 మధ్య జరిగిన 48,557 మరణాలను పరిశీలించిన అధ్యయనం 2009లో వెలువడింది. 15-54 ఏళ్లవారి మరణాల్లో సగానికి పైగా మద్యానివేనని అది తేల్చింది. ఇజెవ్‌స్క్‌లో పాతిక నుంచి 54 ఏళ్ల మగవారిపై జరిగిన మరో పరిశీలనలో, తాగడానికి చేయని అత్తర్లు, మందుల ద్రావకాలు తాగేవారికి చావు ముప్పు ఇంకా ఎక్కువని బయటపడింది. రోజూ కొద్దికొద్దిగా కాక, ఒక్కసారిగా సీసాలు ఖాళీ చేసే అలవాటు హానిని పెంచింది.

2006 నుంచి స్పిరిట్ తయారీపై నిఘా పెరిగింది. 2010లో వోడ్కాకు కనీస ధర పెట్టారు. రాత్రి అమ్మకాలు ఆపి, బీరును కూడా మద్యం చట్టం కిందికి తెచ్చారు. 2003-2016 మధ్య తలసరి వినియోగం 43 శాతం తగ్గిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కగట్టింది. అయినా పేదవాడి చేతికి చవక విషం అందుతూనే ఉంది: 2016 డిసెంబరులో ఇర్కూత్‌స్క్‌లో మిథనాల్ కలిసిన స్నానపు ద్రావకం తాగి డెబ్బై మందికి పైగా మరణించారు. 2018లో మగవారి ఆయుర్దాయం 68కి చేరువైంది. ఆడవారికీ వారికీ మధ్య తేడా అప్పటికీ పదేళ్లు.